చిట్టికి ఆపరేషన్ కంటే ముందు తిండి

ప్రశ్న: మా ఎదురింటివాళ్లు ఇల్లు ఖాళీ చేస్తూ వదిలేసి పోయిన గినీ పిగ్‌ను నెల క్రితం మా ఇంటికి తెచ్చుకున్నాను. చిట్టి అని పిలుస్తున్నాను. ఆడది. మూడేళ్లు ఉండొచ్చని డాక్టర్ అంచనా. వచ్చిన రోజు 700 గ్రాములు తూగింది, ఇప్పుడు 640. ఎండు గడ్డి ముట్టదు, పెల్లెట్లే (గుళికల మేత) తింటుంది. వారం నుంచి మూత్రం పోసేటప్పుడు వీపు గూనిలా పెట్టి కీచుమంటోంది, కింద పరిచిన గుడ్డ మీద ఎర్రటి మరకలు పడుతున్నాయి. ఎక్స్‌రే తీస్తే మూత్రాశయంలో 7 మిల్లీమీటర్ల రాయి కనిపించింది. వచ్చే వారం ఆపరేషన్ చేద్దామన్నారు. మా డాక్టర్ ఎక్కువగా కుక్కలనూ పిల్లులనూ చూసేవారు, గినీ పిగ్‌లకు కొన్నిటికే చేశానని ఆయనే చెప్పారు. ఇంట్లో కుక్కకు వాడగా మిగిలిన అమాక్సిసిలిన్ సిరప్ ఉంది. అప్పటిదాకా రెండు చుక్కలు వెయ్యొచ్చా? "అరచేతంత ప్రాణికి కడుపు కొయ్యడమేంటి, దాని మానాన దాన్ని వదిలెయ్" అంటున్నారు మావారు. ఆపరేషన్ బల్ల మీదే పోతే నేను తట్టుకోలేను. ఒంటరిగా ఉందని ఇంకోదాన్ని తోడు తేవాలని కూడా ఉంది. ఏం చెయ్యమంటారు?
(పేరు వెయ్యొద్దన్న పాఠకురాలు)

జవాబు: ముందు ఆ సిరప్ సీసా సంగతి తేల్చేద్దాం. అమాక్సిసిలిన్ ఒక్క చుక్క కూడా వెయ్యకండి. కుక్కకు మేలు చేసిన మందే గినీ పిగ్‌ను కొద్ది రోజుల్లో చంపగలదు. గడ్డిని పులియబెట్టి అరిగించే మంచి బ్యాక్టీరియా దీని పేగుల్లో ఉంటుంది. పెన్సిలిన్ జాతి మందులు దాన్ని తుడిచిపెట్టేస్తాయి. ఖాళీ అయిన చోట క్లాస్ట్రిడియం జాతి సూక్ష్మజీవులు పెరిగి విషం విడుదల చేస్తాయి. విరేచనాలు మొదలవుతాయి, ఒళ్లు చల్లబడుతుంది, ఆ తర్వాత కాపాడటం చాలా కష్టం. అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, పెన్సిలిన్, క్లిండామైసిన్, లింకోమైసిన్, ఎరిత్రోమైసిన్, నోటి ద్వారా ఇచ్చే సెఫలెక్సిన్: ఈ పేర్లు కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉంటే సాధారణంగా వాడేవి ఎన్రోఫ్లాక్సాసిన్, లేదా ట్రైమెథోప్రిమ్-సల్ఫా. అవైనా తూకం చూసి డాక్టర్ రాసినంతే ఇవ్వాలి. చీటీ చేతికి రాగానే "ఇది గినీ పిగ్‌కు సరిపడేదేనా అండీ" అని అడిగెయ్యండి, అందులో అమర్యాద ఏమీ లేదు. కొన్నిటికే చేశానని దాచకుండా చెప్పిన మనిషి మీద నాకైతే సదభిప్రాయమే కలిగింది. అలాంటివాళ్లు తెలియనిచోట పుస్తకం తీసి చూస్తారు, తెలిసినవాళ్లకు ఫోన్ చేస్తారు. గినీ పిగ్‌లనూ కుందేళ్లనూ రోజూ చూసే డాక్టర్ మీకు అందుబాటులో ఉంటే మాత్రం అక్కడికే వెళ్లండి. మీ డాక్టరే ఎవరైనా ఉన్నారేమో చెప్పగలరు.

ఇక మీవారి మాట. "దాని మానాన దాన్ని వదిలెయ్" అనేది వినడానికి దయగానే ఉంటుంది. మూత్రాశయంలో రాయి పెట్టుకున్న జంతువు దాని మానాన ఎలా ఉంటుందో కూడా చూడాలి కదా. గినీ పిగ్‌లలో వచ్చే రాళ్లు ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేట్‌వి. మందులకు కరగవు, తిండి మార్చినా కరగవు. మనుషుల కిడ్నీ రాళ్లకు చెప్పే చిట్కాలేవీ దీనికి పనికిరావు. ఆడవాటికి మూత్రనాళం పొట్టిగా, కాస్త వెడల్పుగా ఉంటుంది కాబట్టి చిన్న రాళ్లు ఒక్కోసారి వాటంతటవే జారిపోతాయి. నాళం చివరికి వచ్చి ఆగినదాన్ని మత్తిచ్చి, కొయ్యకుండానే బయటికి తీసెయ్యడమూ ఉంది. కానీ 7 మిల్లీమీటర్లది అలా పోతుందని ఆశ పెట్టుకోలేం. ఉన్నచోటే ఉంటే రోజూ లోపలి గోడను ఒరుస్తూ రక్తం, నొప్పి. నాళానికి అడ్డం పడితే మూత్రం ఆగిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

కాబట్టి దారులు రెండే. ఒకటి ఆపరేషన్, రెండోది బాధ పెరగనివ్వకుండా డాక్టర్ చేత శాశ్వతంగా నిద్రపుచ్చడం. చిట్టికి రెండోదాని అవసరం ఇప్పుడు లేదనే నా అభిప్రాయం. ఉన్నది ఒక్క రాయి. ఇంకా తింటోంది. ఇవి ఐదు నుంచి ఎనిమిదేళ్ల దాకా బతుకుతాయి, దీనికి మూడే. అయితే రక్తపరీక్షలో కిడ్నీలు దెబ్బతిన్నట్టు తేలినా, కిడ్నీల్లోనూ రాళ్లు కనిపించినా మళ్లీ కూర్చుని ఆలోచించండి. అప్పుడు వద్దనుకుంటే దాన్ని చేతకానితనం అని ఎవరూ అనకూడదు, మీరూ అనుకోకూడదు.

బల్ల మీదే పోతుందేమోనన్న భయానికి తీపి మాటలు చెప్పను. 2008లో వెలువడిన బ్రిటన్ అధ్యయనం ఒకటుంది. మత్తు కారణంగా 48 గంటల్లోపు చనిపోయినవి కుక్కల్లో 0.17 శాతం, పిల్లుల్లో 0.24, కుందేళ్లలో 1.39. గినీ పిగ్‌లలో 3.80. అంటే సుమారు ఇరవై ఆరింట ఒకటి, కుక్కలతో పోలిస్తే ఇరవై రెట్ల పైమాటే. అదే లెక్కలో నూటికి తొంభై ఆరు బతికి బయటపడ్డాయి కూడా. రెండు ముక్కలూ కలిపి గుర్తుపెట్టుకోండి.

ఇంత తేడా ఎందుకంటే, ఈ ప్రాణి చిన్నది, మత్తులోకి వెళ్లగానే ఒళ్లు చల్లబడిపోతుంది. గొంతు నిర్మాణం వల్ల ఊపిరి గొట్టం వెయ్యడం కష్టం, చాలామంది మాస్కుతోనే మత్తిస్తారు. 640 గ్రాముల చిట్టి ఒంట్లో ఉన్న రక్తం మొత్తం 45 మిల్లీలీటర్లు, టీస్పూనుడు పోతే పదో వంతు పోయినట్టే. వీటన్నిటికీ తోడు, తనను తినేవాటి కంటపడకుండా బతికే జంతువు కాబట్టి జబ్బును చివరిదాకా దాచుకుంటుంది. మనకు తెలిసి, ఆస్పత్రికి తీసుకెళ్లేసరికే నీరసించి ఉంటుంది. చలి, గాలి, రక్తం డాక్టర్ చూసుకోవాల్సినవి. ఈ నీరసం ఒక్కటి మీ చేతిలో ఉంది.

అందుకే నా సలహా అంతా ఒక్కదాని చుట్టూనే తిరుగుతుంది: ఆపరేషన్‌కు ముందూ తర్వాతా చిట్టి పేగులు ఆగకుండా చూడటం. గినీ పిగ్ పేగు కదులుతూనే ఉండాలి. పన్నెండు గంటలు ఏమీ తినకపోతే అది డాక్టర్‌కు ఫోన్ చెయ్యాల్సిన విషయం. ఒక రోజు దాటితే పేగులు స్తంభించడం, కడుపులో గాలి చేరడం, కాలేయంలో కొవ్వు పేరుకోవడం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. రాయి బాగానే బయటికొచ్చి, కుట్లు బాగానే మానుతూ, తిండి మానేసినందువల్ల పోయినవి తక్కువేం కాదు.

నెలలో 60 గ్రాములు తగ్గింది కాబట్టి ముందుగా డాక్టర్‌ను ఒక ప్రశ్న అడగండి: మూత్రం ధారగానే వస్తోంది గదా, నొప్పి మందు ఇస్తూ ఇంకో వారం పది రోజులు బలం పట్టించాక చెయ్యొచ్చా అని. చాలావరకు ఒప్పుకుంటారు. ఆగినన్నాళ్లూ నొప్పి మందు తప్పనిసరి, ఎక్కువగా మెలోక్సికామ్ ఇస్తారు. నొప్పి ఉంటే తినదు, తినకపోతే బలం రాదు. మనుషుల మాత్రలు, మనుషుల మోతాదులు దరిచేరనివ్వకండి. ఈలోగా పదే పదే ముక్కుతూ ఒక్క చుక్కా పొయ్యకపోయినా, పొట్ట బిగుసుకున్నా, మూలకు నక్కి కదలకపోయినా ఇక ఆగేది లేదు, అర్ధరాత్రయినా ఆస్పత్రికే.

ఒక అల్ట్రాసౌండ్ స్కాన్ కూడా చేయించండి. మూడేళ్ల ఆడ గినీ పిగ్‌లకు అండాశయాల్లో నీటి తిత్తులు చాలా మామూలు. ఆ ఎర్రటి మరకలు మూత్రాశయం నుంచా, గర్భసంచి నుంచా అన్నదీ దాంతో తేలుతుంది. పాత ఇంట్లో మగదానితో కలిసి ఉండేదేమో మీకు తెలియదు. గర్భం 59 నుంచి 72 రోజులు కాబట్టి నెల గడిచినంత మాత్రాన ఆ అనుమానం కొట్టెయ్యలేం.

గడ్డి ముట్టకపోవడం గురించి. మొండితనమో అలవాటు లేకపోవడమో కావచ్చు, పళ్ల బాధ కూడా కావచ్చు. వీటి పళ్లు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి, పీచున్న గడ్డి నమిలితేనే అరుగుతాయి. పెల్లెట్ల మీదే పెరిగినదానికి దవడ పళ్లు మొనదేలి నాలుకకు గుచ్చుకుంటాయి. ముందు పళ్లు చూసి బాగున్నాయి అనుకోకూడదు. లోపలి పళ్లు సన్నటి లైటు పరికరంతో డాక్టరే చూడాలి, చూడమని అడగండి. పళ్లు బాగుంటే తిమోతీ గడ్డిని (ఇలాంటి జంతువుల కోసం ఎండబెట్టి అమ్మే పీచు గడ్డి) రోజుకు రెండు మూడుసార్లు కొత్తగా వెయ్యండి, కాస్త పెల్లెట్ పొడి చల్లి చూడండి, పడుకునే చోట పరిచి చూడండి. పెల్లెట్లను ఒక్కసారిగా తగ్గించకండి. ఇది బరువు తగ్గించే సమయం కాదు.

సి విటమిన్ మాట వేరే చెప్పాలి. మనలాగే గినీ పిగ్ కూడా దాన్ని ఒంట్లో తయారుచేసుకోలేదు. నిర్లక్ష్యంగా పెరిగిన జంతువుకు లోపం ఉండి తీరుతుందనే అనుకుని మొదలుపెట్టండి. కీళ్లు నొప్పెట్టి నడవడానికి బద్ధకించడం, చిగుళ్లలో రక్తం, బొచ్చు గరుకుగా మారడం దాని గుర్తులు. మీకు ముఖ్యమైనది ఇంకోటుంది: సి విటమిన్ లేకపోతే కోసిన గాయం సరిగా మానదు. ఆరోగ్యంగా ఉన్నదానికి కిలో బరువుకు రోజూ 10 నుంచి 30 మిల్లీగ్రాములు చాలు. లోపం ఉన్నదానికి 50, అవసరమైతే ఆపైన ఇస్తారు. చిట్టికెంతో డాక్టర్ చెబుతారు. నీళ్లలో కలపడం దండగ. వెలుతురుకు అది చెడిపోతుంది, రుచి మారిందని నీళ్లు తాగడం మానేసే ప్రమాదం కూడా ఉంది, రాయి ఉన్నదానికి అదే పెద్ద చేటు. సి విటమిన్ ఒక్కటే ఉన్న మాత్రనో చుక్కలనో నేరుగా నోటికి అందించండి. మల్టీవిటమిన్ వద్దు, అందులోని డి విటమిన్, కాల్షియం రాళ్లకు ఎరువే. క్యాప్సికమ్ ముక్క రోజూ పెట్టండి, ఇష్టంగా తింటాయి.

సిరంజితో తినిపించడం ఇప్పుడే నేర్చుకోండి, ఆపరేషన్ అయిన రాత్రి మొదలుపెట్టి కాదు. శాకాహార జంతువుల కోసం అమ్మే రికవరీ పొడి దొరికితే అదే మేలు. దొరక్కపోతే దాని పెల్లెట్లనే గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, మెత్తగా జావలా చేసి వాడొచ్చు. తువ్వాలు చుట్టి, నాలుగు కాళ్లూ కింద ఆనేలా ఒళ్లో కూర్చోబెట్టుకోండి. వెల్లకిలా పడుకోబెట్టకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముందు పళ్లకూ దవడ పళ్లకూ మధ్య ఖాళీ ఉంటుంది, పక్క నుంచి సిరంజి అక్కడ పెట్టి అర మిల్లీలీటరు వదలండి. నమిలి మింగేదాకా ఆగండి. చిట్టి బరువుకు, తనంతట తాను ఏమీ తినని రోజున, 30 నుంచి 50 మిల్లీలీటర్లు ఐదారు విడతలుగా పడాలి. మొదటి రెండు రోజులు మీ చీరకే ఎక్కువ పడుతుంది, పర్వాలేదు.

రోజూ ఒకే వేళకు వంటింటి త్రాసు మీద తూచి రాసుకోండి. కంటికి ఆనకముందే త్రాసు చెబుతుంది. పెంటికలు కూడా గమనించండి. బొద్దుగా, ఒకే తీరుగా పడుతుంటే పేగు నడుస్తోంది. చిన్నవై, ఎండి, సంఖ్య తగ్గితే తిండి సరిపోవడం లేదు.

ఆపరేషన్ రోజు ఆస్పత్రిలో ఎవరో ఒకరు అలవాటు కొద్దీ "రాత్రి నుంచి ఏమీ పెట్టకండి" అంటారు. కుక్కలకూ పిల్లులకూ వాంతి అవుతుంది కాబట్టి వాటికి ఆ నియమం. గినీ పిగ్‌కు వాంతి చేసుకునే శక్తే లేదు. రాత్రంతా మాడిస్తే ఆపరేషన్‌కు ముందే పేగు నెమ్మదిస్తుంది. నోట్లో తిండి మిగలకుండా కొద్దిసేపు ఆపితే చాలు. ఆ కొద్దిసేపు ఎంతో డాక్టర్ నోటి నుంచే వినండి, ఫోనెత్తినవారి నుంచి కాదు. దాని గడ్డి, పెల్లెట్లు, దాని వాసన ఉన్న గుడ్డ వెంట తీసుకెళ్లండి. కుక్కల అరుపులకు దూరంగా ఉంచమనండి. బల్ల మీద ఒళ్లు వెచ్చగా ఎలా ఉంచుతారు, మత్తులో ఉన్నంతసేపూ ఊపిరినీ గుండెనూ ఎవరు చూస్తుంటారు, లేచాక మొదటి కొన్ని గంటలు పక్కన ఎవరుంటారు, నొప్పికి ఏమిస్తారు అని అడగండి. మూడో ప్రశ్న మర్చిపోకండి, ప్రమాదం కుట్లు వేసేయగానే అయిపోదు. తీసిన రాయిని పరీక్షకు, మూత్రాన్ని కల్చర్‌కు (ఏ బ్యాక్టీరియా ఉందో చూసే పరీక్షకు) పంపమని కూడా ముందే చెప్పి ఉంచండి.

ఇంటికి తెచ్చాక మొదటి పని తినిపించడం. పూర్తిగా తెలివి వచ్చి మింగగలుగుతుంటే అదే సాయంత్రం సిరంజి మొదలుపెట్టాలి. అడక్కపోయినా పెట్టాలి. మందులు గడియారం చూసి ఇవ్వండి, నొప్పి కనిపించాక ఇద్దామనుకోకండి. దాని నొప్పి మనకు సరిగ్గా కనిపించదు: బొచ్చు నిక్కబొడుచుకోవడం, కళ్లు సగం మూయడం, పళ్లు నూరడం, అంతే. రంపపు పొట్టు తీసేసి తెల్లటి మెత్తటి గుడ్డ పరవండి. కోత పొట్ట కింద ఉంటుంది, నేలకు తగులుతూనే ఉంటుంది, కాబట్టి తడిసిన వెంటనే మార్చాలి. తెల్లదైతే మూత్రం రంగూ తెలుస్తుంది. కొద్ది రోజులు గులాబీ రంగు ఉండొచ్చు, ఎర్రటి గడ్డలు పడితే, ధార ఆగితే ఫోన్ చెయ్యండి. కుట్లు రోజుకు రెండుసార్లు చూడండి: వాపు, చీము, విడిపోవడం. గోరువెచ్చని నీళ్ల సీసాకు గుడ్డ చుట్టి ఒక పక్కన పెట్టండి, వేడెక్కితే అవతలికి జరగడానికి చోటుండాలి. మెట్లూ ఎక్కే బల్లలూ తీసెయ్యండి. మెడకు గరాటు లాంటిది కట్టమంటే కాస్త ఆలోచించమనండి. దాంతో చాలా గినీ పిగ్‌లు బెంగపడి తిండి మానేస్తాయి. చర్మం లోపలి కుట్లు వేస్తే దాని అవసరం చాలావరకు ఉండదు.

రాయి తీశాక మళ్లీ రావడం మామూలే. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే మంచిది. మాంసాహార జంతువుల్లా కాకుండా ఇవి తిన్న కాల్షియంలో చాలా భాగాన్ని మూత్రంలోకే వదిలేస్తాయి, అందుకే ఆరోగ్యంగా ఉన్నప్పుడు కూడా మూత్రం ఎండితే తెల్లటి పొడి మిగులుతుంది. పెరిగిన గినీ పిగ్‌కు కాల్షియం ఎక్కువగా ఉండే అల్ఫాల్ఫా గడ్డి, అల్ఫాల్ఫా పెల్లెట్లు వద్దు. పాత ఇంటివాళ్లు వదిలిన సంచీ మీద ఏం రాసి ఉందో చూడండి. కోలుకున్నాక మెల్లగా తిమోతీ పెల్లెట్లకు మార్చి రోజుకు రెండు పెద్ద చెంచాల (టేబుల్ స్పూన్ల) దగ్గర ఆపండి, మిగతాదంతా గడ్డి. ఆకుకూరలు కడిగి తడిగానే పెట్టండి, ఒంట్లోకి నీరు ఎక్కువ చేరడానికి అది తేలిక మార్గం. పాలకూర, పార్స్‌లీ లాంటివి ఎప్పుడో ఒకసారి చాలు. సీసాతోపాటు బరువైన గిన్నెలో కూడా నీళ్లుంచండి. రోజూ కాసేపు నేల మీద తిరగనివ్వండి. మూడు నాలుగు నెలలకోసారి ఎక్స్‌రే తీయించడం గురించి డాక్టర్‌తో ఇప్పుడే మాట్లాడుకోండి. అప్పుడు దొరికే రాయి ఇంత పెద్దదై ఉండదు.

తోడు విషయం. ఇవి గుంపులో బతికే జంతువులే, ఒంటరితనం వీటికి మంచిది కాదు, మీ ఆలోచన సరైనదే. కానీ ఇప్పుడు కాదు. కొత్తది వచ్చీ రాగానే కొద్దిరోజులు ఒకదాన్నొకటి తరుముకుంటాయి, కుట్ల మీద ఆ పెనుగులాట వద్దు. పైగా వచ్చేది గజ్జినో తామరనో జలుబునో మోసుకొస్తే చిట్టి తట్టుకోలేదు. గాయం పూర్తిగా మాని, తూకం 700 దాటి, గడ్డి తానే తింటున్నప్పుడు తెచ్చుకోండి. దాన్ని రెండు మూడు వారాలు వేరే గదిలో ఉంచి, తర్వాత జాలీ అడ్డంగా పెట్టి పరిచయం చెయ్యండి. ఆడదాన్నైనా, బీజాలు తీయించిన మగదాన్నైనా తేవచ్చు, తీయించాక కూడా ఆరు వారాలు విడిగా ఉంచాలి. కుందేలును మాత్రం తోడు తేకండి. దాని ఒంట్లో హాయిగా కాపురముండే బోర్డెటెల్లా అనే బ్యాక్టీరియా గినీ పిగ్‌కు న్యుమోనియా తెస్తుంది.

మీవారికి ఈ జవాబులో సిరంజి సంగతి చదివి వినిపించండి. రాత్రి రెండింటికి తినిపించే వంతు ఎవరో ఒకరు పంచుకోకపోతే మూడో రోజుకే మీరు కూలబడతారు.